ఫీజు సరే, నెల గడిచేదెట్లా?

పెండ్లిమర్రిలో నాకొక నెట్ సెంటర్ ఉంది. జిరాక్సు, లామినేషను, 1బీ, అడంగలు, హాల్‌టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు ఏడాది పొడుగునా ఉండే పనే. నా ఎదురుగా కుర్చీలో ఎక్కువసేపు కూర్చునేది మాత్రం స్కాలర్‌షిప్పుల పిల్లలు. ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, ఆధారు, రేషను కార్డు, పాసుబుక్కు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. "పడిందేమో చూడన్నా" అంటారు. నేను నెంబరు కొట్టి చూస్తాను. నేనూ ఎమ్మే ఎకనామిక్సు చదివినవాణ్ణే. ఆ చదువు వల్ల మిగిలిందేమన్నా ఉంటే, రాష్ట్ర బడ్జెట్ వచ్చిన రోజు పద్దుల పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని, అందులో ఈ పిల్లలు ఎక్కడున్నారో వెతికే అలవాటొకటి మిగిలింది.

2025 ఫిబ్రవరి 28న మన పక్క జిల్లా ఉరవకొండ ఎమ్మెల్యే, ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్ గారు పెట్టిన బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్లు. అందులో పాఠశాల విద్యకు 31,805 కోట్లు, ఉన్నత విద్యకు 2,506 కోట్లు. లెక్క కట్టి చూస్తే సర్కారు ఖర్చుపెట్టే ప్రతి వంద రూపాయల్లో ఉన్నత విద్య వాటా 78 పైసలు. అంతకు నాలుగు నెలల ముందు, 2024 నవంబరులో పెట్టిన బడ్జెట్‌లో ఇదే పద్దుకు 2,326 కోట్లు ఇచ్చారు. పెరిగింది 180 కోట్లు. జీతాల మీద ఏటా పెరిగే డీఏ, ఇంక్రిమెంట్లు పోను ఆ పెంపులో కొత్త పనికి ఎంత మిగులుతుందో చెప్పడానికి ఎమ్మే అక్కర్లేదు. స్కాలర్‌షిప్పుల డబ్బు సంక్షేమ శాఖల పద్దుల్లో వేరేగా ఉంటుంది, కాదనను. అయినా తల్లికి వందనం ఒక్క పథకానికే అదే బడ్జెట్‌లో 9,407 కోట్లు కేటాయించారు. ఆ పథకం వద్దని నేననను. మా వీధిలో ఆ డబ్బుతో బడి మానకుండా ఉన్న పిల్లలున్నారు. కాకపోతే ఆ పథకం ఇంటర్‌తో ఆగిపోతుంది. తర్వాత డిగ్రీ. డిగ్రీ దాటినవాడికి మిగిలేది దరఖాస్తులే.

పీజీ గురించి మాట్లాడే మంత్రులు, ప్రతిపక్షాలు, విద్యార్థి సంఘాలు అందరూ ఫీజు దగ్గరే ఆగిపోతున్నారని నా ఫిర్యాదు. ప్రభుత్వ వర్సిటీలో ఎమ్మే, ఎమ్మెస్సీ ఫీజు కంటే పెద్ద ఖర్చు వేరే ఉంది. డిగ్రీ పాసైన ఇరవై ఒక్కేళ్ల పిల్లవాడు రెండేళ్లు సంపాదించకుండా ఉండటమే ఆ ఖర్చు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి పాలిషింగు యూనిట్లు, చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ప్రొద్దుటూరు బట్టల కొట్లలో బిల్లింగు కౌంటరు, బెంగుళూరులో డెలివరీ బండి, అవేవీ కాకుంటే కువైట్. ఇవన్నీ డిగ్రీ చేతికొచ్చిన రోజు నుంచే వాణ్ణి పిలుస్తుంటాయి. ఇంట్లో శనగ పంట పోయిన ఏడాదైతే ఆ పిలుపు మరీ గట్టిగా వినిపిస్తుంది. నిరుడు ఒక తండ్రి కొడుకుతో కలిసి నా సెంటర్‌కొచ్చి, పీజీసెట్ కౌన్సెలింగులో సీటొచ్చిన కాగితం ప్రింటు తీయించుకుని, దాన్నట్లే చూస్తా అన్నాడు: "ఫీజంటే గవర్నమెంటోళ్లు కడతారంటివి, సరే. రెండేండ్లు వీణ్ణి సాకాలంటే యాడ నుంచి తేవాల్నబ్బా?" కొడుకు తల దించుకున్నాడు. ఆ పిల్లవాడిప్పుడు ప్రొద్దుటూరులో ఉన్నాడు, బట్టల కొట్లో.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. వాళ్ల చదువుకు పోటీ సంపాదన కాదు, సంబంధాలు. "డిగ్రీ అయిపాయ గదా" అనే మాటకు ఇంట్లో బదులు చెప్పాలంటే అమ్మాయి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నెలకు ఇంత అని తన పేరున బ్యాంకులో పడే డబ్బు ఉంటే ఆ మాటకు అడ్డు పడుతుంది. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్పు వచ్చిన ఒక అమ్మాయి విషయంలో ఆ ఇంటివాళ్ల మాట తీరు ఎట్లా మారిందో దగ్గరుండి చూశాను. మేనమామే వచ్చి "చదువుకోనీలే పాప" అన్నాడు. ఆయనే ఆరు నెలల కింద సంబంధం పట్టుకొచ్చినాయన.

మనకున్న పథకాల కథ పత్రికలు చదివేవాళ్లకు తెలిసిందే గానీ, వరసలో ఒకసారి చెప్పుకోవాలి. రాజశేఖరరెడ్డి గారి కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. జగన్‌మోహన్‌రెడ్డి గారి కాలంలో అది విద్యాదీవెన అయ్యింది, డబ్బు తల్లి ఖాతాకు మళ్లింది. హాస్టలు, భోజనం ఖర్చులకు వసతిదీవెన అని వేరేగా డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20 వేలు రెండు విడతల్లో ఇస్తామన్నారు. 2023 చివర్లో తల్లీబిడ్డల జాయింట్ అకౌంట్ ఉండాలన్నప్పుడు మా మండలంలో బ్యాంకుల ముందు క్యూ ఎట్లుండెనో నాకు బాగా గుర్తు. కూలి పని మానుకుని వచ్చిన తల్లులు, పక్కన మీసాలొచ్చిన కొడుకులు. ఇరవై రెండేళ్ల ఎమ్మెస్సీ విద్యార్థికి ఓటుంది, బండి లైసెన్సుంది, కావాలంటే పోటీ పరీక్ష రాసి ఎస్సై అయ్యే అర్హత ఉంది. తన స్కాలర్‌షిప్పు తను తీసుకునే అర్హత మాత్రం లేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం తల్లి ఖాతా పద్ధతి తీసేసి ఫీజు నేరుగా కాలేజీలకే ఇస్తామంది. కాలేజీల వైపు నుంచి చూస్తే ఇది మేలే. విద్యార్థి వైపు నుంచి చూస్తే, ముందు డబ్బు అమ్మ చేతి మీదుగా పోయేది, ఇప్పుడు తనను తాకకుండానే పోతుంది.

2020 డిసెంబరు 25న వచ్చిన జీవో 77 సంగతి వేరు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు ఫీజు ఇవ్వబోమని ఆ జీవో. వర్సిటీల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చదివితేనే ఇస్తామన్నారు. లోకేశ్ గారు యువగళం పాదయాత్రలో దాన్ని రద్దు చేస్తామన్నారు. 2025లో కూడా విద్యార్థి సంఘాలు ఆ జీవో మీద ధర్నాలు చేస్తూనే వచ్చాయి. నా అభిప్రాయం చెబితే రెండు పక్షాలకూ నచ్చదు. ఊరూపేరూ లేని ప్రైవేటు పీజీ కాలేజీలో, పాఠం చెప్పేవాడు లేకుండా, హాజరు పట్టీ మీదే నడిచే ఎమ్మెస్సీకి సర్కారు డబ్బు పోవడం నాకిష్టం లేదు. ఆ మిగిలిన డబ్బును వర్సిటీ హాస్టళ్లకు, ల్యాబులకు మళ్లించి ఉంటే నేను ఆ జీవోను సమర్థించేవాణ్ణి. మళ్లించినట్టు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

బకాయిల గొడవలో రెండు పార్టీలూ ఒకరి మీద ఒకరు చెప్పుకునేవే. గత ప్రభుత్వం 4 వేల కోట్లకు పైగా ఫీజు బకాయిలు పెట్టిపోయిందని ఇప్పటి ప్రభుత్వం అంటుంది. మీరొచ్చాక అదీ ఇవ్వలేదు, ఇదీ ఇవ్వలేదని 2025 మార్చి 12న వైఎస్సార్సీపీ వాళ్లు 'యువత పోరు' అని జిల్లా కేంద్రాల్లో ర్యాలీలు తీశారు. పొరుగున తెలంగాణలోనూ 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూశాయి. ఏ జెండా ఎగిరినా విద్యార్థి పద్దు వెనక్కి జరిగేదే. కాంట్రాక్టరు బిల్లు ఆగితే పని ఆగుతుంది, ఉద్యోగి జీతం ఆగితే సంఘాలు లేస్తాయి. ఎమ్మెస్సీ పిల్లవాడి డబ్బు ఆగితే వాడు బయటికి అప్పు చేస్తాడు, లేకుంటే చదువు మానేస్తాడు. రెండూ ఖజానా లెక్కల్లో కనబడవు.

వసతిదీవెన ఏడాదికి 20 వేలు అన్నాను గదా, నెలకు లెక్కేస్తే 1,667 రూపాయలు. వర్సిటీ హాస్టల్లో మెస్సు బిల్లు ఎంతొస్తుందో అక్కడి పిల్లల్ని అడగండి. అదే దేశంలో పై మెట్ల మీద ఉన్నవాళ్ల సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400. యూజీసీ 2023-24 నుంచి పీజీ మొదటి ఏడాదిలో చేరినవాళ్లలో దేశం మొత్తానికి 10 వేల మందిని ఏరి, నెలకు 15 వేలు చొప్పున ఏడాదికి పది నెలలు ఇస్తోంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొడితే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. నెట్ రాకున్నా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర సంస్థలో పీహెచ్‌డీలో ఉంటే 8 వేలు. అదే నెట్ రాని పిల్లవాడు రాష్ట్ర వర్సిటీలో పీహెచ్‌డీ చేస్తే, ఆ 8 వేల పథకం అతనికి లేదు. పని ఒకటే, డిగ్రీ ఒకటే, పరిశోధన నియమాలూ ఒకటే. గేటు మీద బోర్డే తేడా.

ఆ పైమెట్టు మీద ఉన్నవాళ్లకు కూడా డబ్బు వేళకు రాకపోతే ఏమవుతుందో మన రాష్ట్రాలకు తెలియని విషయం కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్పు లక్షా డెబ్బై ఐదు వేలు రావాల్సి ఉందని రాశాడు. అతని చావు చుట్టూ ఎన్నో వాదాలు జరిగాయి, అందులోకి నేను పోను. ఒక పరిశోధక విద్యార్థి ఆ ఉత్తరంలో కూడా బకాయి లెక్క రాయాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం ప్రతి బడ్జెట్ నాడూ నాకు గుర్తొస్తుంది.

నిరుద్యోగ భృతి ఒకటుంది. 2018లో మన రాష్ట్రంలో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి ఇచ్చారు. 2024 ఎన్నికల్లో దాన్ని 3 వేలు చేస్తామన్నారు. కర్ణాటకలో 2024 జనవరి నుంచి యువనిధి అని డిగ్రీ పాసై ఉద్యోగం లేనివాళ్లకు నెలకు 3 వేలు, రెండేళ్ల దాకా ఇస్తున్నారు. ఆ నిబంధనల్లో ఒకటి చూడండి: పైచదువులో చేరినవాళ్లు దానికి అర్హులు కారు. అంటే డిగ్రీ పాసై అరుగు మీద కూర్చుంటే నెలకు 3 వేలు, ఎమ్మేలో చేరితే సున్నా. ఆ నియమం రాసిన అధికారి దురుద్దేశంతో రాసి ఉండడు. చదువుకునేవాడికి ఇంట్లో ఎవరో ఒకరు పెడుతుంటారులే అనుకుని ఉంటాడు. ఆ 'ఎవరో ఒకరు' పెండ్లిమర్రిలో ఉపాధి హామీ పనికి పోయే తల్లి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి కింద ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది గదా, మా మండలం నుంచి రోజూ కడపకు, వేమన వర్సిటీకి పోయొచ్చే అమ్మాయిలకు అంత నికరంగా చేతికందిన సాయం నాకు తెలిసి ఇంకోటి లేదు. దానికి దరఖాస్తు లేదు, వేలిముద్ర లేదు, స్టేటస్ చూసేది లేదు. బస్సు వస్తే ఎక్కుతారు. బస్సు రాకపోవడం వేరే సమస్య, ఆ కథ ఇంకోసారి. ఆ పథకాన్ని ఓట్ల కోసమే తెచ్చారని విసుక్కునేవాళ్లతో నాకు పేచీ లేదు. నేను చూసింది ఒకటే: సాయం ఏ రోజుకారోజు అందితే పిల్లలు దాన్ని నమ్ముకుని చదువు గురించి నిర్ణయాలు తీసుకుంటారు. ఎప్పుడొస్తుందో తెలియని ఇరవై వేలను నమ్ముకుని ఎవరూ ఎమ్మెస్సీలో చేరరు.

చదువు, పరిశోధన జరగాలంటే నెలనెలా కూడు పెట్టాలన్న సంగతి ఈ జిల్లాకు రెండొందల ఏళ్ల కిందటే తెలుసు. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను, రాయసగాళ్లను పెట్టుకుని, వాళ్లకు తన జేబులోంచి జీతాలిచ్చి తాళపత్రాలు రాయించాడు, పాఠాలు సరిచూయించాడు. అందుకోసం అప్పులపాలయ్యాడు. వేమన పద్యాలను ఏరి, ఇంగ్లీషులో పెట్టి 1829లో అచ్చు వేయించింది ఆ బ్రౌనే. ఆయన బంగళా ఉన్న చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన బ్రౌన్ గ్రంథాలయం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయానికి చేరింది. ఒక దొర తన జీతంలోంచి ఇచ్చిన నెలసరి భృతి మీద మన పాత సాహిత్యంలో ఎంత బతికి బయటపడిందో తెలుగు ఎమ్మే పిల్లలు చదువుకుంటారు. వాళ్లకు మాత్రం భృతి లేదు.

ఈ వర్సిటీ మాకెందుకు ముఖ్యమో బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. 1977 ముందు కడప జిల్లా పిల్లలు పీజీ అంటే తిరుపతికే పోయేవాళ్లు. ఆ ఏడాది శ్రీవెంకటేశ్వర వర్సిటీవాళ్లు కడపలో పీజీ సెంటర్ తెరిచారు. 2006 మార్చిలో అదే యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. కడప నుంచి పులివెందుల పోయే దారిలో ఉంటుంది. మా నాయన తరంలో ఈ మండలంలో ఎమ్మే చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్లంతా మగవాళ్లే. ఇప్పుడు నా దగ్గర పీజీసెట్ దరఖాస్తు పెట్టించుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. 2021లో రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్ పెట్టినప్పుడు ఆ పరీక్ష మొదటిసారి నడిపింది కూడా ఈ వర్సిటీయే. దగ్గర్లో వర్సిటీ ఉండటం వల్ల వచ్చిన మార్పు ఇది. వందల ఎకరాల స్థలం, భవనాలు, తీరైన పేరు అన్నీ ఇచ్చారు. ఎద్దుకు కొత్త మడక చేయించి మేత సంగతి మరిచినట్టు, మనిషి సంగతి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకున్నారు.

మనిషంటే విద్యార్థి ఒక్కడే కాదు, పాఠం చెప్పేవాళ్లు కూడా. రాష్ట్రంలోని 18 వర్సిటీల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి 2023 అక్టోబరు చివర్లో నోటిఫికేషన్లు ఇచ్చారు. అంతకు ముందు కూడా ఒకసారి ఇచ్చి, పరీక్ష దాకా పోయి, చివరికి రద్దు చేశారు. ఈసారీ కోర్టు కేసుల్లో చిక్కుకుంది. ఈలోగా క్లాసులు నడిపించేది అకడమిక్ కన్సల్టెంట్లు, గెస్ట్ ఫ్యాకల్టీ. వాళ్లలో మంచి టీచర్లున్నారు, నాకు తెలుసు. ఇక్కడే ఒక మెలిక ఉంది. యూజీసీ నియమాల ప్రకారం పీహెచ్‌డీకి గైడుగా ఉండాలంటే రెగ్యులర్ అధ్యాపకుడై ఉండాలి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని తీసుకోవచ్చు. అంటే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కుర్చీ ఖాళీగా ఉంటే నాలుగు పీహెచ్‌డీ సీట్లు ఖాళీ అన్నమాట. జేఆర్‌ఎఫ్ కొట్టి, కేంద్రం నెలకు 37 వేలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న పిల్లవాడు కూడా, సొంత జిల్లాలో గైడు దొరక్కపోతే హైదరాబాదుకో, చెన్నైకో పోతాడు. ఆ డబ్బు, ఆ బుర్ర రెండూ ఇక్కడికి రావు. పోస్టు భర్తీ చేయకుండా మిగుల్చుకున్న జీతం ఆదా అనుకుంటే ఈ నష్టాన్ని ఏ పద్దులో రాస్తారు?

వర్సిటీకి సర్కారు ఇచ్చే బ్లాక్ గ్రాంటులో పెద్ద భాగం జీతాలకు, పింఛన్లకు పోతుంది. మిగతాది ఎట్లా సర్దుకోవాలంటే పరీక్ష ఫీజులు, అనుబంధ కాలేజీల ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు. అంటే ఆ లోటును పూడ్చేది కూడా విద్యార్థే. పొదుపుగా ఉండి నాలుగు డబ్బులు దాచుకున్న వర్సిటీకి ఏమవుతుందో కూడా చూశాం. 2021లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య వర్సిటీ దాచుకున్న నిధుల్లోంచి 400 కోట్లు ప్రభుత్వ ఆర్థిక సేవల సంస్థకు తరలించారు. ఉద్యోగులు గోల చేశారు, అయినా తరలిపోయింది. వర్సిటీల స్వయంప్రతిపత్తి గురించి ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు ఆ 400 కోట్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

"పీజీ చేసి ఏం ఊడబొడుస్తారు? డీఎస్సీ కోచింగుకు పోతే అయిపోయె" అని నా దగ్గరే కూర్చుని అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. పీజీలో చేరినవాళ్లలో కొంతమంది హాస్టలు, లైబ్రరీ కోసమే చేరతారు. క్లాసుకు హాజరు వేయించుకుని గ్రూప్స్‌కు చదువుకుంటారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడినప్పుడు ఎమ్మెస్సీ పుస్తకాలు మూలపడేసినవాళ్లు నాకు తెలుసు. కానీ ఎందుకట్లా చేస్తారో అడగండి. ఎమ్మెస్సీ ల్యాబులో రెండేళ్లు కష్టపడితే చివర్లో ఏముందో ఎవరూ చూపించరు, ఈలోగా చేతిలో రూపాయి ఆడదు. అట్లాంటప్పుడు హాస్టలు గదిని కోచింగు గదిగా వాడుకోవడం తెలివైన పనే. తప్పు పిల్లవాడి మీద వేసే ముందు అది చూడాలి.

చేయడానికి పని లేక కాదు. ఈ మండలం చుట్టూ ఎన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టులు, ఎన్ని పీహెచ్‌డీలు పడి ఉన్నాయో చూడండి. భూగర్భ శాస్త్రవేత్తలు 'కడప బేసిన్' అని ప్రపంచమంతా పిలుచుకునే రాతి పొరల మీదే మా ఇళ్లున్నాయి. ఇక్కడి నాపరాయిని రోజూ లారీల్లో ఎగుమతి చేస్తారు, పాలిషింగు యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి బురద ఎక్కడ పోస్తున్నారో, అది చేలకేం చేస్తుందో కొలిచి చెప్పేవాళ్లు కావాలి. పక్కనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. దాని వ్యర్థాల చెరువు పక్క ఊళ్ల రైతులు తమ బోరు నీళ్ల గురించి, అరటి తోటల గురించి ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కంపెనీ ఒక లెక్క చెబుతుంది, రైతులు ఇంకో లెక్క చెబుతారు. ఆ నీళ్లను ప్రతి నెలా, ఏ పక్షం తరపునా కాకుండా పరీక్షించి, రాసి పెట్టగలిగినవాళ్లు ఎవరు? కడప జిల్లాలో పుట్టి, కెమిస్ట్రీయో జియాలజీయో చదివి, ఆ ఊళ్లకు బస్సులో పోయి రాగలిగిన పిల్లలే. చరిత్ర విషయానికొస్తే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది, తెలుగులో తొలి శాసనమని పండితులు చెప్పేది దాన్నే. మెకంజీ కాలపు కైఫియత్తుల్లో మా పల్లెల పాత లెక్కలున్నాయి. పొలతల మల్లికార్జునస్వామి గుడికి శివరాత్రికి వచ్చే వేలమందిలో ఆ క్షేత్రం చరిత్ర రాసేంత తీరిక, నెల ఖర్చు రెండూ ఉన్న ఎమ్మే విద్యార్థి ఎవరన్నా ఉంటాడా?

కాబట్టి నేను అడిగేది ఫీజు కాదు, నెలసరి భృతి. రాష్ట్ర ప్రభుత్వ వర్సిటీల క్యాంపస్‌లలో పీజీ చేసే, కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపున్న ప్రతి విద్యార్థికీ నెలకు 5 వేలు, ఏడాదికి పది నెలలు, నేరుగా వాళ్ల సొంత ఖాతాలోకి. తల్లి ఖాతా వద్దు, కాలేజీ ఖాతా వద్దు. అట్లాంటి విద్యార్థులు 50 వేల మంది ఉంటారనుకుందాం, కావాలనే పెద్ద అంకె వేస్తున్నాను. ఏడాదికి 250 కోట్లు. 3 లక్షల 22 వేల కోట్ల బడ్జెట్‌లో ఇది వందకు 8 పైసలు. దానికి బదులుగా ఏమన్నా అడుగుతారా, అడగండి. వారానికి ఐదారు గంటలు జూనియర్లకు ట్యూటోరియల్ చెప్పమనండి, తాళపత్రాలు స్కాన్ చేయమనండి, బోరు నీళ్ల శాంపిళ్లు తెమ్మనండి. పని అప్పజెబితే పీజీ పిల్లలు వెనకాడరు. హాజరు తక్కువైతే ఆ నెల ఆపండి. గ్రూప్స్ చదువుకునేవాళ్లు ఆ నిబంధనతో వాళ్లే తప్పుకుంటారు, లేకుంటే క్లాసుకొస్తారు.

పద్దు విడిగా ఉండాలన్నది నాకు చాలా ముఖ్యం. సంక్షేమ శాఖల పెద్ద మూటలో కలిపేస్తే ఇంజనీరింగు కాలేజీల బకాయిలు ముందు తీరతాయి, ఎందుకంటే వాళ్లకు యాజమాన్య సంఘాలున్నాయి, తలుపులు మూసి బెదిరించగలరు. 'ప్రభుత్వ వర్సిటీ పీజీ విద్యార్థుల నెలసరి భృతి' అని ఒక వరస, ఒక అంకె, ఏటా ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని పక్కపక్కన అచ్చు వేస్తే నాలాంటివాడు కూడా పెండ్లిమర్రిలో కూర్చుని లెక్క అడగొచ్చు.

ప్రతి నెలా వేళకు ఇవ్వడం సాధ్యం కాదంటారేమో. 2024 జూలై నుంచి ముసలివాళ్లకు, వితంతువులకు 4 వేల పింఛను 1వ తేదీ పొద్దున్నే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. 1వ తేదీ ఆదివారమైతే ముందు రోజే ఇస్తున్నారు. రాష్ట్రమంతా 60 లక్షలకు పైగా మందికి. జాబితాలు, ఖజానా బిల్లు, బ్యాంకు, సచివాలయం సిబ్బంది అంతా కలిసి నెలనెలా ఆ పని చేసి చూపిస్తున్నారు. వర్సిటీ పిల్లలకు ఇల్లు వెతుక్కుంటూ పోయే శ్రమ కూడా లేదు, ఖాతా నెంబర్లు, ఆధారులు అన్నీ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు జ్ఞానభూమిలో ఇప్పటికే ఉన్నాయి. వాటిలో కొన్ని నేనే ఎక్కించాను.